‘అయిపోతుంది సార్’ అనే మాట ఎవరిది?

అమెరికాలో ఉంటూ హైదరాబాదు టీమ్‌లతో పనిచేసే మనలో చాలామందికి ఒక ఫిర్యాదు అలవాటైపోయింది. ఇక్కడి తెలుగు సంఘం విందుల్లో దాన్ని ఎన్నోసార్లు విన్నాను, నేనూ చేశాను. ‘అక్కడివాళ్లు కాదని ముందుగా చెప్పరు. ఆఖరి రోజు దాకా అయిపోతుంది సార్ అంటారు. గడువు దాటాక గానీ అసలు సంగతి బయటపడదు.’ గత వేసవిలో 5 వారాలు హైదరాబాదులోని రాయదుర్గంలో మా టీమ్ మధ్యే కూర్చుని పనిచేసి వచ్చాను. ఆ ఫిర్యాదును ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నేను డాలస్‌లో ఉంటాను. 7 ఏళ్లుగా ఉదయం తొమ్మిదింటికి హైదరాబాదుతో కాల్‌లో మాట్లాడుతున్నాను. వేసవిలో అప్పుడు అక్కడ సాయంత్రం ఏడున్నర. ఈసారి ఆ ఏడున్నర వైపు కూర్చున్నాను. ఏడింటికే టీమ్ అంతా ఒక చిన్న గదిలో చేరింది. అది మీటింగుకు ముందు మీటింగు. ఏది చెప్పాలి, ఏది రేపటికి దాచాలి, డాలస్‌లో ఎవరు ఏం అడుగుతారు, దానికి ఇక్కడ ఎవరు జవాబివ్వాలి అని అరగంట మాట్లాడుకున్నారు. ఇన్నేళ్లలో ఇలాంటిది రోజూ జరుగుతోందని నాకు తెలియనే తెలియదు. కాల్ మొదలైంది. అప్పటిదాకా గలగలా మాట్లాడిన ఎనిమిది మందీ ఒక్కసారిగా సర్దుకుని కూర్చున్నారు. తెర మీద నా సహోద్యోగి, అచ్చం నేను అడిగే పద్ధతిలోనే, ‘ఎప్పటికి అవుతుంది?’ అన్నాడు. ‘శుక్రవారానికి అయిపోతుంది సార్’ అని జవాబు వెళ్లింది.

శుక్రవారానికి అవదని ఆ గదిలో అందరికీ తెలుసు.

మర్నాడు కింద టీ బండి దగ్గర, టీమ్‌లో నాలుగేళ్లుగా ఉన్న ఒక అమ్మాయిని అడిగాను, నిన్న ఎందుకు చెప్పలేదమ్మా అని. ఆమె కాసేపు ఆగి, ‘అవుతుందా అని ఎవరూ అడగలేదు సార్. ఎప్పటికి అని అడిగారు. దానికి తేదీయే కదా చెప్పాలి’ అంది. తర్వాత మరో సంగతి కూడా చెప్పింది. రెండేళ్ల క్రితం ఒక పని గడువులోపు జరగదని ఆమె ముందే చెప్పిందట. వెంటనే అవతలి నుంచి ప్రశ్న మీద ప్రశ్న. ఎందుకు ఆలస్యమైంది, ఎవరు చూసుకోవలసింది, ముందే ఎందుకు కనిపెట్టలేదు. ఇరవై నిమిషాలు అలాగే సాగింది. ఆ ఏడాది అప్రైజల్‌లో ఆమె రేటింగు తగ్గింది. ఆత్మవిశ్వాసం పెంచుకోవాలి అని పక్కన రాసి ఉంది.

ఆ వాక్యం రాసింది నేను. ఆ రాత్రి పాత కాగితాలు తెరిచి చూసుకున్నాను. నా మాటలే.

‘అయిపోతుంది సార్’ అన్నది హైదరాబాదు వాళ్ల స్వభావం కాదు. మనం ఇన్నాళ్లుగా వాళ్లకు నేర్పిన జవాబు అది. నిజం చెప్పినవారికి ఇరవై నిమిషాల విచారణ, తేదీ చెప్పినవారికి ధన్యవాదాలు దొరికే చోట బుద్ధి ఉన్న ఎవరైనా తేదీయే చెబుతారు.

మన మర్యాదలే దీనికి కారణమని, ‘సార్’, ‘గారు’ మాన్పించి పేర్లు పెట్టి పిలిపిస్తే అన్నీ సర్దుకుంటాయని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. మా తాతగారి దగ్గర సేద్యం చూసే పెద్దాయన ఏనాడూ ‘అయ్యగారూ’ అనకుండా నోరు విప్పలేదు. తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకునే మాట్లాడేవాడు. కానీ నేలలో పదును చాలనప్పుడు ‘ఇప్పుడు విత్తనం వేయకండి అయ్యగారూ, చేతులారా పోగొట్టుకున్నట్టే’ అని మొహం మీదే చెప్పేవాడు. తాతగారు వినేవారు. వింటారని తెలుసు కాబట్టే ఆయన చెప్పేవాడు. గౌరవం, భయం ఒకటి కావు. మనం పోగొట్టవలసింది భయాన్ని.

పరిశోధనలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లో తప్పులు తక్కువగా ఉంటాయని ఆమె అనుకున్నారు. తీరా చూస్తే మంచి బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదై ఉన్నాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, జరిగినవి దాచకుండా చెప్పుకుంటున్నారని ఆమెకు తర్వాత అర్థమైంది. మన పని నివేదికల్లో అన్నీ సవ్యంగా ఉన్నట్టు ఆకుపచ్చగా కనిపించే టీమ్‌ను చూసి మురిసిపోయే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

నాయకత్వ పాఠాలకు హైదరాబాదులో కొదవ లేదు. అధికారులకు, మేనేజర్లకు శిక్షణ ఇవ్వడానికి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లోనే అక్కడ వెలిసింది. గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో మొదలైంది. మా రాయదుర్గం కార్యాలయం గోడల నిండా ధైర్యంగా మాట్లాడండి అనే పోస్టర్లు ఉన్నాయి. డాలస్ గదిలో ఒక్కటీ లేదు. వినవలసినవాళ్లం కూర్చునేది అక్కడే.

సత్య నాదెళ్ల పేరు మన సంఘాల వేదికల మీద తరచూ వినిపిస్తుంది. బేగంపేటలో చదివిన బడి, ఆడిన క్రికెట్టు, 2014లో అందుకున్న పదవి అందరికీ కంఠతా వచ్చు. నాకు నచ్చిన సంగతి మాత్రం వేరు. 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ ‘టే’ అనే చాట్‌బాట్‌ను జనంలోకి వదిలింది. కొందరు ఆకతాయిలు పనిగట్టుకుని దానితో ద్వేషపు మాటలు పలికించారు. ఒక రోజు గడిచేలోపే దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది, ప్రపంచం ముందు పరువు పోయింది. అప్పుడు ఆయన ఆ పని చేసిన బృందానికి, ప్రయత్నం ఆపవద్దని, తాను వెంట ఉన్నానని రాశారు. మన పిల్లలకు ఆయన జీతం కన్నా ముందు ఈ ఉత్తరం గురించి చెప్పాలని నా కోరిక.

తిరిగి వచ్చాక నేను కొన్ని అలవాట్లు మార్చుకున్నాను. కాల్‌లో మొదటి ప్రశ్న ‘ఏది ఆగిపోయేలా ఉంది?’ అనే అడుగుతున్నాను. చెడ్డ కబురు వస్తే ‘ఎందుకు’ అనే మాట ఆ రోజుకు నోట రానివ్వను. ఇది రాసినంత తేలిక కాదు. మొదటి నెలంతా నా ప్రశ్నకు మౌనమే జవాబు. అయిదో వారంలో ఒక కుర్రాడు చాలా మెల్లగా, డేటా తరలింపు అనుకున్న సమయానికి అవదన్నాడు. ఎన్ని రోజులు కావాలో, ఎవరి సాయం కావాలో మాత్రమే అడిగాను. 12 రోజులు కావాలన్నాడు. ఆ సంగతి పైవాళ్లకు చెప్పినప్పుడు మాటలు పడింది నేను. పడవలసింది కూడా నేనే, ఆ కుర్చీకి జీతం అందుకే ఇస్తున్నారు.

ఇంకొకటి ఉంది. నవంబరులో మన గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది, అక్కడిది మారదు. మన తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది. హైదరాబాదులో మాత్రం కాల్ ఎనిమిదిన్నరకు జరుగుతుంది. అది ముగించుకుని, క్యాబ్ ఎక్కి, ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. మార్చి దాకా నాలుగు నెలలు ఇంతే. 7 ఏళ్లలో ఒక్కరూ నాతో ఈ మాట అనలేదు. ఇబ్బంది లేదు కాబట్టే అనలేదని నేను అనుకున్నాను. టీ బండి దగ్గర మాట్లాడిన ఆ అమ్మాయికి మూడేళ్ల కొడుకున్నాడని కూడా అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఈ చలికాలం కాల్ డాలస్ సమయం ఎనిమిదింటికి మార్చాం. అక్కడ ఏడున్నరే. మొన్న ఏడూ యాభైకి పని తేలిపోయింది. ‘ఇక వెళ్తాను సార్, బాబు ఎదురుచూస్తుంటాడు’ అని ఆమె అందరి ముందూ చెప్పి లేచింది.