రోబోకాపీ బావుకి బహిరంగ లేఖ

విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర నుంచి.

రోబోకాపీ బావూ,

ఫైళ్లు కాపీ చేసే కమాండువి నువ్వు. విండోస్ విస్టా రోజుల నుంచి ప్రతి విండోస్ కంప్యూటర్లోనూ అద్దె లేకుండా కాపురముంటున్నావు. బొమ్మ లేదు, బటన్ లేదు. కమాండ్ ప్రాంప్ట్ నల్ల తెరలో పేరు కొడితేనే పలుకుతావు. 200 జీబీ పెళ్లి వీడియోల దగ్గర మామూలు కాపీ పేస్ట్ చేతులెత్తేస్తే స్టూడియో వాళ్లకి నువ్వే దిక్కు. ఒప్పుకుంటాం.

కానీ ఏటి బావూ ఆ మొండితనం? ఒక్క ఫైలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఉండి నీ చేతికి చిక్కలేదనుకో, 30 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతావు. ఎన్నిసార్లు? 10 లక్షల సార్లు! లెక్కేస్తే దగ్గర దగ్గర 347 రోజులు. మా పైడితల్లి జాతరలో సిరిమాను కూడా గుడికీ కోటకీ మధ్య 3 సార్లే తిరుగుతుంది. అందుకే కమాండ్ చివర ‘స్లాష్ ఆర్ కోలన్ 2’, ‘స్లాష్ డబ్ల్యూ కోలన్ 5’ తగిలించాల్సి వస్తోంది: రెండుసార్లు అడుగు, ఐదేసి సెకన్లు ఆగు, రాకపోతే వదిలేయ్. ‘స్లాష్ ఈ’ పెట్టకపోతే మరో అలక. పైనున్న ఫైళ్లు తెస్తావు, లోపలి ఫోల్డర్ల మొహం చూడవు.

‘స్లాష్ మిర్’ సంగతి తలుచుకుంటేనే గుండె దడ. కమాండులో మొదట రాసిన డిస్కులో లేనిదల్లా రెండో డిస్కులో చెరిపేస్తావు. తొందరలో రెండు దారులూ తారుమారు చేసి, ఖాళీ డిస్కు పేరు ముందు రాశారా, తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా గోవిందా. రీసైకిల్ బిన్‌లో వెతికినా దొరకవు. ‘స్లాష్ ఎల్’ పెడితే మాత్రం ఏ ఫైలూ ముట్టుకోకుండా, ఏం చేయబోతున్నావో జాబితా చదువుతావు. ఆ బుద్ధి అడక్కుండా ఉండొచ్చుగా!

పోనీ పని అయ్యాక చెప్పే మాటైనా తిన్నగా ఉంటుందా? కమాండ్లని వరసగా నడిపే బ్యాచ్ ఫైళ్లలో, పని అయ్యాక వచ్చే అంకె సున్నా అంటే క్షేమం, మిగతాదంతా కీడు. నువ్వు ఫైళ్లన్నీ సవ్యంగా చేర్చి ‘1’ అంటావు. 8, ఆ పైన వస్తేనే నిజంగా ఏదో చెడిందని లెక్క.

ఇక డ్రైవ్ మొత్తాన్నీ ఓ కొత్త ఫోల్డర్లోకి పంపినప్పుడు చేసే గారడీ ఉంది చూడూ! డ్రైవ్‌కి ఉన్న ‘హిడెన్’, ‘సిస్టమ్’ గుర్తుల్ని కూడా భక్తిగా ఆ ఫోల్డర్‌కి అంటిస్తావు. డిస్కులో జాగా నిండింది, ఫోల్డర్ మాత్రం మాయం. ముందే ‘స్లాష్ ఎ మైనస్ కోలన్ ఎస్‌హెచ్’ రాయాలి. మరిచిపోతే ఆనక ‘అట్రిబ్ మైనస్ హెచ్ మైనస్ ఎస్’ కొట్టి, పక్కన ఫోల్డర్ పేరు రాసి బయటికి లాగాలి. పెళ్లివారు బయట కుర్చీల్లో కూర్చుని ఉన్నారు బావూ.

ఇట్లు,
ఉత్తరాంధ్ర పెన్‌డ్రైవ్ బాధితులు