క్షవరమూ వివరమూ

(ఇంగ్లండులోని రెడింగ్ పట్టణం. నవంబరు ఆదివారం, పదకొండు గంటలు. సాయంత్రం స్లౌలో స్నేహితులింట్లో సత్యనారాయణ వ్రతం. శ్యామల పొద్దున్నే తలంటు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుని, జడ కూడా వేసేసుకుంది. రమణ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు.)

శ్యామల: ఎక్కడికండీ?

రమణ: కటింగ్‌కి. ఆ టర్కీ ఆయన షాపుకే. అరగంటలో వచ్చేస్తా.

శ్యామల: పోయిన నెలా అరగంటే అన్నారు. గంటన్నరకి నిమ్మకాయ వాసనేసుకుంటూ వచ్చారు. మీకంటే ముందు బ్యాంకు మెసేజీ వచ్చింది. ముప్పై మూడు పౌండ్లు!

రమణ: కటింగు ఇరవై, గడ్డం పన్నెండు. రెండూ కలిపి చేయించుకుంటే ముప్పై. ఆ లెక్కన రెండు పౌండ్లు మిగిల్చా.

శ్యామల: ఆ రెండుకి ఇంకోటి కలిపి మూడు టిప్పు పడేశారు.

రమణ: పది శాతం. అందరూ ఇచ్చేదే.

శ్యామల: నాలుగు వారాలకోసారి అంటే ఏడాదికి పదమూడు సార్లు. పదమూడు ముప్పైమూళ్ళు 429. పౌండుకి వందే వేస్తున్నా, అసలు ఇంకా ఎక్కువుంది, మీ మొహం చూసి తగ్గించా. 42,900 రూపాయలు! ఆ డబ్బుతో తణుకులో మా వీధి వీధంతటికీ కటింగు చేయించొచ్చు, తల మాలిష్‌తో సహా.

రమణ: తణుకులో షాపద్దె వేరు, ఇక్కడ వేరు. 2025 ఏప్రిల్‌లోనే ఇరవై ఒకటి నిండిన మనిషికి కనీస కూలి గంటకి 12.21 పౌండ్లయింది. చాలామందికి ఆ కూలీ లేదు, కుర్చీకి వారం వారం అద్దె కట్టుకుని పనిచేస్తారు. జనం వచ్చినా రాకపోయినా అద్దె ఆగదు. ఏడాది వసూళ్ళు 90,000 పౌండ్లు దాటాయా, షాపాయన 20 శాతం వ్యాట్ పన్ను వేయాలి.

శ్యామల: ఇవన్నీ మీకెవరు చెప్పారు?

రమణ: ఆయనే. గడ్డం గీస్తూ.

శ్యామల: గొంతు మీద కత్తి పెట్టి చెప్తే ఎవరైనా నమ్ముతారు.

రమణ: వెటకారం వద్దు. ఈ దేశంలో వాళ్ళది సర్జన్ల వంశం. 1540లో ఎనిమిదో హెన్రీ రాజు క్షురకుల్నీ సర్జన్లనీ కలిపి ఒకే సంఘం చేశాడు. విడిపోయింది 1745లో. షాపు ముందు తిరిగే ఆ ఎర్రా తెల్లా గొట్టం ఉందే, అది రక్తం తీసిన రోజుల గుర్తు.

శ్యామల: సర్జన్లయితే ఎన్‌హెచ్‌ఎస్‌ సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా చేయాలిగా!

రమణ: చేస్తే వెయిటింగ్ లిస్టులో నా జుట్టు మోకాళ్ళ దాకా వస్తుంది.

శ్యామల: సరే గానీ, గడ్డానికి పన్నెండు పౌండ్లు పుచ్చుకుని ఆ టర్కీ ఆయన ఏం చేస్తాడేంటి? అయిదు నిమిషాల పని.

రమణ: (ఒక బూటుతోనే మెట్టు మీద కూర్చుని) అయిదు నిమిషాలా! విను. ముందు వేడి టవలు. ఆవిరి పెట్టెలోంచి తీసి, తన మణికట్టు మీద వేడి చూసుకుని, ముక్కు ఒక్కటీ వదిలి మొహమంతా చుట్టేస్తాడు. రెండు మూడు నిమిషాలు అలా ఉంచుతాడు. వెంట్రుక నీళ్ళు పీల్చుకుని మెత్తబడితే కత్తి లాగదు. తర్వాత బ్రష్షుతో నురగ. గుండ్రంగా తిప్పుతూ రాస్తాడు, అణిగిపోయిన వెంట్రుకలు లేవాలని. అప్పుడు కత్తి. బ్లేడు మన కళ్ళ ముందే కొత్తది, సగానికి విరిచి పెడతాడు. ఎడం చేత్తో చర్మం బిగలాగి, కత్తి ముప్పై డిగ్రీల వాలులో పట్టి, పైనుంచి కిందికి.

శ్యామల: కింద నుంచి పైకి గీస్తే ఇంకా నున్నగా వస్తుందిగా?

రమణ: ఆ పూటకి వస్తుంది. మన గడ్డాలు ముతక, కొంచెం వంకీ. ఎదురు గీస్తే వెంట్రుక చర్మం లోపలికి తెగుతుంది, మళ్ళీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా లోపలే వంకర తిరుగుతుంది. మూడో రోజుకి మెడంతా ఎర్రటి పొక్కులు. అందుకే ఆయన రెండోసారి అడ్డంగా గీస్తాడు గానీ ఎదురు గీయడు.

శ్యామల: మంట సంగతి చెప్పలేదు. చెవులు కాలుస్తాడటగా?

రమణ: కాల్చడం కాదు! ఒక పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పిండి, వెలిగించి, చెవి మీద టపాటపా అని తాటిస్తాడు. సెకను కూడా ఆనదు. వెంటనే అరచేత్తో తుడిచేస్తాడు. నూగంతా మాడిపోతుంది. చెవి లోపలి లావు వెంట్రుకకి అది పనిచేయదు, దానికి మైనం. ఆఖర్న నిమ్మ కొలోన్, ఎనభై శాతం ఆల్కహాలు, బుగ్గల మీద ఫట్ ఫట్! తర్వాత మెడ నొక్కుతాడు. అక్కడ నాకు కళ్ళు మూతలు పడిపోతాయి.

శ్యామల: వీసా ఇంటర్వ్యూలో కూడా ఇంత వివరంగా చెప్పలేదు మీరు.

రమణ: ఇరవై నిమిషాలు నన్నెవరూ ఏమీ అడగరు శ్యామలా. బిన్ను బయట పెట్టారా, బాయిలర్ వాడికి ఫోన్ చేశారా... ఏమీ ఉండదు.

శ్యామల: (లోపలికెళ్ళి ఒక పెట్టె తెచ్చి) బూటు విప్పండి.

రమణ: ఏంటది?

శ్యామల: క్లిప్పరు, జుట్టు కోసే మెషీను. ముప్పై అయిదు పౌండ్లు. మీ ఒక్క షోకు మీద రెండే ఎక్కువ. పెట్టె సీలు తీశాను కాబట్టి వాపసు తీసుకోరు.

రమణ: నీకు లైసెన్సుందా?

శ్యామల: బ్రిటన్‌లో అక్కర్లేదు. 1964లో చట్టం చేసి రిజిస్టరు పెట్టారు గానీ, అందులో చేరడం ఇష్టమున్నవాళ్ళకే. మీ టర్కీ ఆయనకెంత హక్కుందో నాకూ అంతే.

రమణ: (నీరసంగా) ఎక్కడ చేస్తావు? బాత్రూంలోనా?

శ్యామల: బాత్రూంలో ప్లగ్గేదీ! ఈ దేశంలో స్నానాల తొట్టికి దగ్గర్లో మామూలు సాకెట్టు పెట్టనివ్వరు. షేవరుకి రెండు రంధ్రాలది ఒకటుంది, దీని ప్లగ్గు మూడు కాళ్ళది.

రమణ: అయితే వంటింట్లో.

శ్యామల: వంటింట్లో వెంట్రుకా! సాయంత్రానికి పులిహోర అక్కడే కలపాలి.

రమణ: హాల్లో? బెడ్‌రూంలో?

శ్యామల: అంతా కార్పెట్టే. మూడు మిల్లీమీటర్ల వెంట్రుకలు కార్పెట్టులోకి దిగాయంటే మన లీజు అయిపోయేదాకా ఏరుతూనే ఉండాలి. డిపాజిట్‌లోనే కోస్తాడు ఇంటాయన. పదండి పెరట్లోకి.

రమణ: బయట ఆరు డిగ్రీలుంది!

(పెరడు. వంటింటి కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ తీగ. చెత్త సంచికి చిల్లు పెట్టి రమణ మెడకి తొడిగింది. ప్లాస్టిక్ కుర్చీ. కోటు లోపల కొక్కేనికి వేలాడుతోంది.)

శ్యామల: కదలకండి. తల పొడిగా ఉందా? మెషీనుకి పొడి జుట్టు, కత్తెరకి తడి జుట్టు. పక్కలు ముందు, నడినెత్తి తర్వాత.

రమణ: నూనె వేశావా? కొత్త మెషీనైనా వేయాలి.

శ్యామల: బ్లేడు మీద మూడు చుక్కలేసి పది సెకన్లు ఆడించి తుడిచా. నూనె లేకపోతే బ్లేడు వేడెక్కి వెంట్రుకని కోయకుండా పీకుతుంది, తెలుసు. గార్డు, అదే బ్లేడుకి తొడిగే దువ్వెన, ఏ నంబరు?

రమణ: అక్కడైతే పక్కలకి ఒకటి, ఫేడు. అంటే కింద పొట్టిగా మొదలై పైకి పోనుపోను పొడుగవ్వాలి.

శ్యామల: మీ డబ్బంతా పోతున్నది అక్కడే! ఒకటో నంబరు గార్డంటే 3 మిల్లీమీటర్లు. రెండు 6, మూడు 10, నాలుగు 13. జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. రెండు వారాలు తిరక్కుండా మీ 3 కాస్తా 8, 9 అయి కూర్చుంటుంది. ఇక ఫేడెక్కడ? పక్కలకి మూడు పెట్టించుకుని మెడ దగ్గర సన్నగా దించమంటే ఆరు వారాలాగచ్చు. మెడ వెనక గీత గీసినట్టు చదరంగా కొట్టించుకుంటారే, దాని కింద వారానికే మొలకలొస్తాయి.

రమణ: అవునా? ఆయన చెప్పలేదే.

శ్యామల: ఎందుకు చెప్తాడు, కుర్చీకి అద్దె కట్టాలిగా.

(గార్డు టక్కుమని పడేదాకా నొక్కుతుంది. మెషీను గుర్రుమంటుంది.)

రమణ: మొదటే చిన్న నంబరు పెట్టావా?

శ్యామల: పిచ్చిదాన్నా? ముందు నాలుగుతో చుట్టూ ఒకసారి. ఎక్కువైతే మళ్ళీ తీయొచ్చు, తక్కువైతే అతికించలేం. తల వెనక ఆ ఎత్తు ఉందే, అక్కడికి రాగానే మెషీను బయటికి తిప్పేయాలి, తల వంపుతో పాటు పైకి పోనిస్తే నడినెత్తి కూడా బోడవుతుంది. గడ్డం ఛాతీకి ఆనించండి... అలాగే. చెవి మడుస్తున్నా.

రమణ: నీ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

శ్యామల: వేడి టవలు ప్యాకేజీలో లేదు. (ఆగి) ఏవండీ, మీకు రెండు సుడులు!

రమణ: ఉంటే?

శ్యామల: రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు. మా అమ్మ అన్నీ చూసింది, జాతకం, జీతం, మూడు తరాల గోత్రం. తల వెనక చూడలేదు.

రమణ: (గిరుక్కున తల తిప్పి) ఛ, అవన్నీ...

(గర్ర్.)

శ్యామల: కదలద్దన్నానా!

రమణ: ఏమైంది? చెప్పు, ఏమైంది?

శ్యామల: ఏం లేదు. చెవి పైన ఒక గీత. గార్డు మూలతో లోతుగా దిగింది.

రమణ: అద్దం ఇవ్వు!

శ్యామల: అద్దం ఇస్తే మళ్ళీ తల తిప్పుతారు. గీత కనపడగానే దాని పైదంతా పొట్టి చేసుకుంటూ పోతే నెత్తి దాకా పోవాల్సిందే. అందుకని కింది నంబరు గార్డు పెట్టి, పక్కన మీట ఉందే, అది కిందికి దించి బ్లేడు తెరవాలి. మీట పైకుంటే పొట్టిగా కోస్తుంది, కిందికుంటే మిల్లీమీటరున్నర పొడుగు వదుల్తుంది. గీత అంచు మీద మాత్రమే పైకి గీకి గీకి వదిలేయాలి... చూశారా, కలిసిపోయింది.

రమణ: నాకెలా కనబడుతుంది!

శ్యామల: పక్కింటావిడ కిటికీలోంచి చూస్తోంది, బొటనవేలెత్తింది. బాగున్నట్టే.

(సుడుల దగ్గర మెషీను పక్కన పెట్టి, సీసాలో నీళ్ళు చిమ్మి, దువ్వెనా కత్తెరా తీసింది.)

రమణ: సుడి దగ్గర పొట్టి చేయకు, ముళ్ళపందిలా లేస్తుంది.

శ్యామల: రెండు సెంటీమీటర్లు వదుల్తున్నా, దాని బరువుకే పడుకుంటుంది. పైన వేళ్ళ మధ్య పట్టుకుని, అనుకున్నదానికన్నా కొంచెం పొడుగ్గా కోస్తా. తడి జుట్టు సాగి ఉంటుంది, ఆరాక పైకి లాక్కుంటుంది. ఈ కత్తెర కొత్తిమీరది కాదు, భయపడకండి, వేరే కొన్నా. తొమ్మిది పౌండ్లు.

రమణ: అది ముప్పై అయిదులో చెప్పలేదే?

శ్యామల: తల వంచండి.

(పదిహేను నిమిషాలు. రమణ కళ్ళు మెల్లగా మూతలు పడ్డాయి. శ్యామల అద్దం పట్టుకుంది.)

రమణ: (అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఒప్పుకోలేక) కుడి కణత కొంచెం...

శ్యామల: మీ కుడి చెవే కొంచెం కింద ఉంది. చెవిని చూసి కొలిస్తే కణతలు ఎప్పుడూ సమానంగా రావు, ముక్కు నుంచి కొలవాలి. కొలిచాను.

రమణ: సరే బాగుంది. చెవుల దగ్గర మంట?

శ్యామల: హారతి కర్పూరం ఉంది. తేనా?

రమణ: వద్దులే. (లేచి తలుపు వైపు నడుస్తాడు.) చచ్చిపోతున్నా చలికి.

శ్యామల: ఆగండి! గడప దాటద్దు! క్షవరమయ్యాక తలస్నానం చేయకుండా ఇల్లు ముట్టుకుంటారా? మోచేత్తో తలుపు తోసి, గోడకి తగలకుండా సరాసరి పైకి.

రమణ: మరి నువ్వు?

శ్యామల: నేనేంటి?

రమణ: ముప్పావుగంట నుంచి నా తల పట్టుకున్నదెవరు? నీ జడ మీద చూసుకో. అదంతా నా జుట్టే.

(శ్యామల జడ ముందుకి లాక్కుని చూసుకుంటుంది. మొహం మారిపోతుంది.)

శ్యామల: పొద్దున్నే తలంటు పోసుకున్నానండీ.

రమణ: మళ్ళీ పోసుకోవాలి. వ్రతానికి వెళ్తున్నాం.

శ్యామల: ఈ చలిలో నా జుట్టు ఆరాలంటే రెండు గంటలు! నాలుగింటికి బయల్దేరాలి, పులిహోర కలపలేదు! అయ్యో, ఆ టర్కీ ఆయన దగ్గరికే తగలడాల్సింది మీరు!

రమణ: నేనూ అదే అన్నా, బూటు విప్పించావు.

శ్యామల: ముందు స్నానం నాది. మీరిక్కడే ఉండండి.

రమణ: ఇక్కడా? ఎంతసేపు?

శ్యామల: తొందరపెట్టకండి, కుంకుడుకాయలు కొట్టాలి.

రమణ: శ్యామలా! కనీసం ఆ కొక్కేనికున్న కోటన్నా ఇలా విసిరెయ్యి!

శ్యామల: (లోపల్నుంచి) మీరు ముట్టుకుంటే కోటూ తడపాలి. అది ఉన్ని. డ్రైక్లీనింగుకి పద్దెనిమిది పౌండ్లు!