‘అండి’కి ఇంగ్లీషులో చోటెక్కడ?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఏ ఆఫీసుకు వెళ్లినా తెలుగు గుమస్తా, ఒడియా మేనేజరు ఎదురెదురుగా కనిపిస్తారు. ఇతను ‘చూడండి’ అంటాడు, ఆయన ‘దేఖంతు’ అంటాడు. రెండు భాషల్లోనూ గౌరవం క్రియ చివర అంటుకునే వస్తుంది. అదే ఇద్దరూ ఇంగ్లీషు మెయిల్లోకి దిగారా, పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది.

నేనూ ఆ బాపతే. ఒకసారి భువనేశ్వర్‌లోని పెద్దాఫీసుకు ‘ప్లీజ్, సెండ్ ద బిల్స్ టుడే ఇట్‌సెల్ఫ్’ అని రాశాను. నా మనసులో ఉన్నది ‘కాస్త ఇవాళే పంపించి పెట్టండి’ అని. ‘ఏమిటండీ, గదమాయిస్తున్నారు?’ అని అవతలి నుంచి ఫోను. నిజమే మరి. ‘కాస్త’ రాలిపోయింది, ‘పెట్టండి’ రాలిపోయింది. ‘ఇవాళే’లోని ఆ ‘ఏ’ ఒక్కటే ‘ఇట్‌సెల్ఫ్’ వేషం కట్టుకుని మిగిలింది. దానికి తోడు ఆ కామా. వాక్యం మొదట్లో ప్లీజ్ తర్వాత కామా పెడితే బతిమాలినట్టో విసుక్కున్నట్టో వినిపిస్తుంది. ప్లీజ్ వాక్యం చివర ఉంటే మాత్రం దాని ముందు కామా రివాజు.

‘అండి’ లేని ఖాళీని ప్లీజులతో, కైండ్లీలతో పూడ్చాలని చూస్తాం. పూడదు. మన ‘దయచేసి’నే చూడండి, బోర్డుల మీద తప్ప ఇంట్లో ఎవరి నోటా రాదు, ‘ఇక దయచేయండి’ అంటే గెంటేసినట్టే. కైండ్లీలో నాకు పైఅధికారి నోటీసు వాసనే వస్తుంది. ‘డూ ద నీడ్‌ఫుల్’ అనేది దొరల కచేరీల నాటి మాట. మర్యాద సంగతి అటుంచి, చేయాల్సిందేమిటో అందులో ఉండదు. ఇంగ్లీషువాళ్లు మర్యాదను వాక్యం మొదటే పెట్టి, అడగాల్సినదాన్ని ప్రశ్నగా మారుస్తారు: ‘కుడ్ యూ సెండ్ ద బిల్స్ బై ఫోర్? ద ఆడిటర్ ఈజ్ కమింగ్ టుమారో.’ కారణం చెప్పడంలోనే సగం మర్యాద ఉంది. ప్లీజ్ లేకపోయినా ఎవరూ నొచ్చుకోరు.

ఇక కామా. ఊపిరి తీసుకునే చోట పెట్టమని బడిలో నేర్పారు. తెలుగుకు ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. ‘ఫైలు పంపాను, చూడండి’ లక్షణమైన వాక్యం. ‘ఐ హావ్ సెంట్ ద ఫైల్, ప్లీజ్ చెక్’ మాత్రం రెండు వాక్యాలను కామాతో అతికించడం. అక్కడ ఫుల్‌స్టాప్ పడాలి. ‘నిన్న వచ్చిన సరుకు’ అని మనం ఒక క్షణం ఆగుతాం కాబట్టి ‘ద గూడ్స్ దట్ కేమ్ యెస్టర్‌డే, ఆర్ ఇన్ ద గోడౌన్’ అని రాసేస్తాం. కర్తకూ క్రియకూ మధ్య గోడ కట్టినట్టు! ఇదే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పోరాడింది వాడుక భాషలో రాయాలనే. తెలుగుకు అంతకన్నా మంచి సలహా లేదు. ఇంగ్లీషు కామా దగ్గర మాత్రం పలుకును నమ్ముకుంటే లాభం లేదు.

పిలుపు సంగతీ అంతే. ‘మాస్టారూ’ అని దీర్ఘం తీస్తే పిలిచినట్టు తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ దీర్ఘం పని కామా చేయాలి. ‘ఐ డోంట్ నో మేనేజర్ బాబు’ అని కామా లేకుండా రాస్తే మేనేజరు బాబెవరో నాకు తెలియదని అర్థం.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్ల ఓవర్‌టైమ్ కేసు ఇలాంటి కామా మీదే నడిచింది. ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర చట్టంలో ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉంది. ‘ఆర్’ ముందు కామా లేదు. పంపిణీ విడిగా ఒక పనా, లేక పంపిణీ కోసం చేసే ప్యాకింగా? డ్రైవర్లు పంపిణీ చేస్తారు గానీ ప్యాకింగ్ చేయరు, కాబట్టి రెండో అర్థమైతేనే వాళ్లకు ఓవర్‌టైమ్. 2017లో అప్పీలు కోర్టు వాళ్ల వైపే మొగ్గింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

మా మేనేజరు బాబు మాత్రం నా కామాలను ఎన్నడూ తప్పు పట్టలేదు. ఆయనా అక్కడే ఊపిరి తీసుకుంటారు.