సవరణ: నలభై అయిదు రోజుల గడువు ఎప్పటినుంచి లెక్కించాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు మనవాళ్ల కోసం ఇంటి జప్తు గురించి ఇంతకుముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. బ్యాంకు నోటీసు అందిన 45 రోజుల్లో కటక్ డీఆర్‌టీకే (బ్యాంకు బాకీల వివాదాలు వినే ట్రిబ్యునల్‌కే) వెళ్లాలన్నాం. అది సరికాదు.

కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకిచ్చే సర్ఫేసీ చట్టంలో 13(2) సెక్షన్ కింద వచ్చే మొదటి నోటీసు బాకీ కట్టడానికి 60 రోజులిస్తుంది. ఆ దశలో డీఆర్‌టీ తలుపు తట్టలేం. చేయాల్సింది రాతపూర్వక అభ్యంతరం: వడ్డీ లెక్క తప్పయినా, కట్టిన వాయిదాలు జమ కాకపోయినా రసీదులు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి.

డీఆర్‌టీకి వెళ్లే 45 రోజుల గడువు మొదలయ్యేది 13(4) కింద బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజునుంచి. తలుపుకు అంటించిన స్వాధీన నోటీసు కూడా స్వాధీనమే, ఇంట్లో మీరే ఉన్నా సరే. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. ఆ ప్రకటన ఒడియా పత్రికలో వస్తే చదవలేక వదిలేయకండి. తేదీ వెంటనే చదివించుకోండి.

రెండోది, కటక్ ఒక్కటే దిక్కు కాదు. అప్పు ఖాతా ఆంధ్రలోని పాతపట్నం శాఖలో ఉంటే విశాఖపట్నం డీఆర్‌టీలోనూ స్వాధీనాన్ని సవాలు చేసే 17వ సెక్షన్ దరఖాస్తు వేయవచ్చు.

వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదన్న మాటలో మార్పు లేదు.