ఎనేబుల్ పిన్ను గారి దివ్యసముఖమునకు

సెల్లు కరెంటును దీపానికి కలిపే, తెంచే చిప్పు లోడ్ స్విచ్; దానికి ఆన్, ఆఫ్ ఆజ్ఞ అందుకునే కాలు ఎనేబుల్ పిన్ను. ఆ పిన్ను గారికి విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

ఒక లిథియం సెల్లు, దానికో దీపం. సెల్లు 3.0 వోల్టులకు దిగగానే దీపం ఆరిపోవాలి. అడిగింది అంతే. ఈ మధ్యాహ్నం తమరు ఆర్పారు. వెంటనే వెలిగించారు. మళ్లీ ఆర్పారు. చీకటి పడేదాకా అదే వరస. దసరా పందిట్లో సీరియల్ లైట్లు కూడా ఇంత శ్రద్ధగా మిణుకుమనవండి.

చిప్పు తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, డేటాషీట్‌లో తమరి మాట స్పష్టంగానే ఉంది: 1.2 వోల్టులు దాటితే ఆన్, 0.4 కంటే దిగితే ఆఫ్. మధ్యలో? మధ్యలో తమరి దయ, మా ప్రాప్తం. మైక్రోకంట్రోలర్ చెప్పే ఒకటీ సున్నా వినడానికి పుట్టారు తమరు. మెల్లగా జారే బ్యాటరీని ఫలానా గీత దగ్గర కొయ్యడం తమరి పని కాదు. 'టిపికల్' గడిలో 1 వోల్టు చూసి మురిసిపోయి, సెల్లు వోల్టేజిలో మూడో వంతు తమరికి అందేలా పైన 2 మెగా ఓమ్‌లు, కింద 1 మెగా ఓమ్ రెసిస్టర్లు పెట్టి తమరి మెడకు కట్టిన మాదీ తప్పే. ఆ లెక్కన సెల్లును 3.6 దగ్గరే కోసినా తమరు నిర్దోషులు, 1.2 దాకా పీల్చి చంపినా నిర్దోషులే!

అన్నట్టు, తమరి చిప్పులోనే కాపురముండే, వోల్టేజ్ మరీ పడిపోతే చిప్పును ఆపే అండర్‌వోల్టేజ్ లాకవుట్ గారు చిప్పును చూసుకుంటారు తప్ప మా సెల్లు గోడు వినరు.

ఇక మా ఊరి ఉప్పుగాలి. ఫిషింగ్ హార్బర్ పక్కన బోర్డు మీద తేమ పొర కట్టి, కింది 1 మెగా ఓమ్‌కు 10 మెగా ఓమ్‌ల లీకేజీ తోడైతే చాలు, కోత గీత 3.0 కాస్తా 3.2 అవుతుంది. టంకం వేసినప్పుడు మిగిలిన ఫ్లక్స్ కడిగి, తేమ తగలకుండా బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ పూత వెయ్యాలి. లేదా లీకేజీ లెక్కలోకి రాకుండా రెసిస్టర్లను పదో వంతుకు దించి, నిండు సెల్లు నుంచి 1.4 మైక్రో ఆంపియర్ల చోట 14 సమర్పించుకోవాలి.

అసలు కడుపుమంట ఇది కాదు. దీపం 2 ఆంపియర్లు లాగుతోంది. సెల్లు, వైరు, కనెక్టరు కలిపి 0.15 ఓమ్ ఉంటే 0.3 వోల్టు అక్కడే పోతుంది. తమరు లోడు తెంచగానే ఆ 0.3 తిరిగొస్తుంది. 3.0 కాస్తా 3.3. "ఆహా, కోలుకుంది!" అని మళ్లీ కలుపుతారు. పడిపోతుంది. తెంచుతారు. ఒక్క క్షణం ఆగి చూడవేం? అది కోలుకోవడం కాదు, బరువు దించితే నడుం నిటారవడం! ఆ మాత్రం తెలీదూ నీకు?

సరే, నిన్నని లాభం లేదు. నీ ముందు వోల్టేజ్ డిటెక్టర్‌ను కూర్చోబెడుతున్నాం. ఓపెన్ డ్రెయిన్ రకం, అంటే కిందికి లాగడమే తప్ప పైకెత్తడం రాదు; అందుకే పైకి లాగే రెసిస్టర్ (పుల్-అప్) ఒకటి సెల్లు ప్లస్‌కు. గీత దాటగానే నిన్ను ఏకంగా గ్రౌండ్‌కు లాగేస్తుంది, ఊగిసలాటకు తావుండదు. దాని సొంత హిస్టెరిసిస్, అంటే తెంచే గీతకూ తిరిగి కలిపే గీతకూ మధ్య ఎడం, మామూలుగా 5 శాతమే, 3.15 వోల్టులకే తిరిగి కలుపుతుంది, మన 0.3కు అది చాలదు. అందుకని వోల్టేజ్ కొలిచే సెన్స్ పిన్ను విడిగా ఉన్నది తెచ్చి, నీ చిప్పు అవుట్‌పుట్ నుంచి సెన్స్‌కు ఓ రెసిస్టర్ వెనక్కి తిప్పుతాం. దీపం వెలుగుతుంటే సెన్స్‌ను పైకెత్తుతుంది, ఆరితే కిందికి గుంజుతుంది. 3.0కు ఆఫ్, 3.5కు ఆన్ వచ్చేలా విలువ కట్టాలి.

పూర్తిగా ఆఫ్ అయ్యాక మాత్రం చుక్కో అరచుక్కో తప్ప కరెంటు తాగవు, ఆ మర్యాద నీకుంది. నీ మెడలో 2 మెగా ఓమ్‌ల రెసిస్టర్ ఊడదీస్తున్నాం, కదలకు.