హెడ్‌ఫోన్స్ కొనే ముందు ఒక్కమాట

ఈ నెలలో నలుగురు అడిగారు నన్ను, "మంచి హెడ్‌ఫోన్స్ ఏవి కొనాలి?" అని. నలుగురి రెండో మాట కూడా ఒకటే, "బేస్ బాగుండాలి". ఎక్కడ కూర్చుని వింటారో, ఏం వింటారో, రోజుకు ఎంతసేపు వింటారో ఒక్కరూ చెప్పలేదు. నా మటుకు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

ముందు మా తమ్ముడి సంగతి చెబుతాను. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి బస్సులో వెళ్తాడు. రానూ పోనూ రెండు గంటలు. ఒకరోజు నేనూ వాడి పక్కనే కూర్చున్నాను. పాట వాడి చెవిలో మోగుతుంటే మాటలతో సహా నాకు వినిపిస్తోంది. "ఏరా, ఎందుకంత సౌండ్?" అని అడిగితే, "తగ్గిస్తే వినపడదు అన్నయ్యా. వీటిలో అసలు బేసే లేదు, మార్చేస్తా" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ ఇయర్‌ఫోన్స్ డబ్బా తీసి చూశాను. మూడు సైజుల రబ్బరు టిప్స్ ఇస్తే రెండు జతలు కవర్ కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి. పెద్ద సైజు తొడిగి వాడికిచ్చాను. ఒక చేత్తో చెవి పైభాగం పట్టుకుని కాస్త పైకీ వెనక్కీ లాగమన్నాను. రెండో చేత్తో బడ్‌ని లోపలికి పెట్టి మెల్లగా తిప్పమన్నాను. సరిగ్గా కూర్చోగానే పైన తిరుగుతున్న ఫ్యాన్ శబ్దం సగానికి సగం తగ్గిపోయింది. అదే పాట పెట్టాడు, వాల్యూమ్ సగమే. ఓ నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇందులో ఇంత బేస్ ఉందా?" అన్నాడు.

ముందు నుంచీ ఉంది. టిప్‌కీ చెవి గోడకీ మధ్య సందు ఉంటే మొదట పోయేది బేస్, అంటే లోతైన కింది స్థాయి మోతే. అది పోయేసరికి వాల్యూమ్ పెంచుతాం. పెంచితే బేస్ రాదు, గాయకుడి గొంతు మాత్రం చెవిలో గుచ్చుకుంటుంది. ఇంకో సంగతి, రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. నాకు ఎడమ చెవికి మీడియం, కుడి చెవికి పెద్దది పడుతుంది.

వాల్యూమ్ గురించి ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. ఐదేళ్లు ఫోన్ కాల్స్ ఉద్యోగం చేశాను. షిఫ్టు మొత్తం హెడ్‌సెట్ చెవికే, చుట్టూ అందరి మాటల హోరు, సౌండ్ ఎప్పుడూ చివరి గీత దగ్గరే. ఇప్పుడు రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక నా కుడి చెవిలో కీచురాయి అరిచినట్టు సన్నటి శబ్దం. అది ఆగదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క ఇది: శబ్ద తీవ్రత 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. పెరిగింది పదే, సమయం మాత్రం పదో వంతుకు పడిపోయింది. మా తమ్ముడిలా బస్సులో రోజుకు రెండు గంటలు వినేవాళ్లు ఆ నాలుగు గంటల్ని మంగళవారానికే ఖర్చు పెట్టేస్తారు.

అందుకే ప్రయాణాల్లో వినేవాళ్లకు బయటి శబ్దాన్ని ఆపే హెడ్‌ఫోన్స్ విలాసమని నేననుకోను. ఇలా బయటి శబ్దాన్ని ఆపడాన్నే నాయిస్ క్యాన్సిలింగ్ అంటారు. 1978లో విమాన ప్రయాణంలో ఇంజిన్ హోరుకు పాట సరిగ్గా వినపడక, బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్ అక్కడికక్కడే లెక్కలు వేసుకున్నాడట. పైలట్ల కోసం ఆయన కంపెనీ హెడ్‌సెట్ 1989లో బయటికొచ్చింది. మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపల పుట్టిస్తారు. ఇంజిన్, ఏసీ లాంటి ఒకే తీరుగా సాగే హోరు మీద ఇది బాగా పనిచేస్తుంది. హారన్లు, పక్కవాళ్ల మాటలు అంత బాగా ఆగవు. వాటికి మళ్లీ ఆ రబ్బరు టిప్పే దిక్కు.

ఇక డబ్బా మీది అంకెలు. "20 నుంచి 20,000 హెర్ట్జ్" అని గొప్పగా వేస్తారు. లోతైన మోత నుంచి సన్నటి కీచు దాకా మనిషి చెవికి వినిపించేదే అంత. ఏ శబ్దాన్ని ఎంత పెంచారో, ఎంత నొక్కేశారో ఆ అంకె చెప్పదు. డ్రైవర్, అంటే లోపలుండే చిన్న స్పీకర్, ఎన్ని మిల్లీమీటర్లన్నదీ అంతే. ఒక్క ఓమ్స్ (కరెంటుకు హెడ్‌ఫోన్స్ ఎంత అడ్డుపడతాయో చెప్పే కొలత) మాత్రం చూడండి. 32 దగ్గర్లో ఉంటే మామూలుగా ఫోన్‌కి ఇబ్బంది ఉండదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి 300 ఓమ్స్. ఎంత పేరున్నా, నేరుగా ఫోన్‌కి పెడితే చాలాసార్లు నీరసంగా పలుకుతాయి, ఆంప్లిఫయర్ కావాలి.

"ఎక్స్‌ట్రా బేస్" అన్న మాట చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మీకు వందసార్లు విన్న పాట ఒకటి ఉంటుంది కదా, షాపుకెళ్తే అదే పెట్టించుకోండి, వాళ్లు పెట్టే డెమో పాట కాదు. నేనైతే మృదంగం ఉన్న కచేరీ పెడతాను. మృదంగం ఎడమ పక్క గుమ్మని మోగాలి, మోగి ఆగాలి. ఆ మోత ఆగకుండా కుడి పక్క వేళ్ల దెబ్బల మీదికి, పాడేవాళ్ల గొంతు మీదికి పాకితే దాన్ని అక్కడే పెట్టేసి వచ్చేస్తాను. పాటలో గొంతు వెనక్కి పోయాక ఎంత బేస్ ఉండి ఏం లాభం?

రెండు వేల లోపైతే నా ఓటు వైరుకే. అదే డబ్బులో వైర్‌లెస్ అంటే బ్యాటరీకి, బ్లూటూత్ చిప్‌కి, కేసుకి పోగా శబ్దానికి మిగిలేది తక్కువ. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్-సీ కన్వర్టర్ కొనుక్కోవచ్చు. ఇంకోటి, లాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే బ్లూటూత్‌లో పాట డబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోతే పాడైందని కంగారు పడకండి. మైకు ఆన్ అవగానే చాలా హెడ్‌ఫోన్స్ కాల్స్ మోడ్‌లోకి మారతాయి, అందులో నాణ్యత తగ్గుతుంది. చెవి మీద కూర్చునే పెద్దవైతే మెత్తలు విడిగా దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. మన ఎండలకీ చెమటకీ ఆ రెగ్జిన్ పొట్టు రాలిపోతుంది.

మా అమ్మకి మొదట నేనే తప్పు కొన్నాను. చెవుల్ని పూర్తిగా మూసే ఖరీదైనవి. గంటయ్యేసరికి కళ్లజోడు కాడలు కణతలకు నొక్కుకుపోయి తీసి పక్కన పెట్టేసింది. పైగా వంటింట్లో ఏదీ వినపడదు. తర్వాత పాత వాక్‌మన్ రోజుల్లో ఉండేవి చూడండి, సన్నటి బ్యాండు, స్పాంజి మెత్తలు, అలాంటివి తెచ్చాను. వాటిలోంచి బయటి శబ్దం లోపలికి వస్తుంది. మొన్న ఆదివారం నాదస్వరం పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. కుక్కర్ మూడో విజిల్‌కి లేచి వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చింది, చెవి మీది నుంచి వాటిని తీయకుండానే.