‘ఇతరాలు తెరవక్కర్లేదు’ అంటున్న ఆ మెసేజ్‌కు నా జవాబు

ఈ వారంలో ఇది ఐదోసారి. అదే మెసేజ్, అవే దండం బొమ్మలు, పైన అదే ‘తప్పక చదవండి’. మొదట స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చింది, ఊరుకున్నాను. తర్వాత ఆఫీసు గ్రూపు, ఆ తర్వాత బంధువుల గ్రూపు. నిన్న రాత్రి నేను చాలా గౌరవించే సీనియర్ ఒకాయన నాకు విడిగా పంపి, “నువ్వు ఈ యాప్ వాడావటగా, ఇందులో ఉన్నదంతా నిజమేనా?” అని అడిగారు. వాడాను. మూడు వారాలు వాడాను. అందుకే ఇది రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. ఈమెయిల్స్‌ని తనంతట తానే విడదీసి పెట్టే కొత్త యాప్ ఒకటి వచ్చిందట. ప్రపంచంలో ఇలాంటిది ఇదే మొదటిదట. మీ మెయిల్స్ చదవదట. ముఖ్యమైనవన్నీ నూటికి నూరు శాతం ‘ముఖ్యం’లో పెట్టి, మిగతావి ‘ఇతరాలు’లోకి తోసేస్తుందట. కాబట్టి ఇతరాలు తెరిచే పనే లేదు, ప్రతి ఆదివారం అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేయండి, అసలు కాపీ ఎలాగూ సర్వర్‌లో భద్రంగా ఉంటుంది అంటోంది. ‘ముఖ్యం’లో కనిపించిన మెయిల్‌ని కళ్లు మూసుకుని నమ్మొచ్చట. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే చెత్త మెయిల్స్ ఆగిపోతాయట. బ్యాటరీ ఆదా, జీవితాంతం ఉచితం, పది గ్రూపులకు పంపండి.

యాప్ పేరు ఇక్కడ రాయను. ఈ మాటల్లో సగం ఆ యాప్ వాళ్లు కూడా ఎక్కడా చెప్పలేదు. తప్పు మెసేజ్ రాసినవాళ్లది, చదవకుండా పంపుతున్నవాళ్లది.

మొదటిదట! జీమెయిల్‌లో ముఖ్యమైన మెయిల్స్‌ని పైకి తెచ్చే ప్రయారిటీ ఇన్‌బాక్స్ 2010లోనే వచ్చింది. ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్ అనే ట్యాబ్‌లు 2013లో వచ్చాయి. అవుట్‌లుక్‌లో ఫోకస్డ్ ఇన్‌బాక్స్ ఉంది, యాపిల్ వాళ్ల మెయిల్ యాప్‌లోకి 2024 చివర్లో ఇలాంటి విభాగాలే వచ్చాయి. ఈ మెసేజ్ పంపుతున్నవాళ్లలో చాలామంది ఫోన్లలో ఈ పని ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. బ్యాటరీ సంగతి అంటారా, ఉన్న మెయిల్ యాప్‌కి తోడు ఇంకో యాప్ కూడా రోజంతా సర్వర్‌ని అడుగుతూ కూర్చుంటే బ్యాటరీ ఎలా ఆదా అవుతుందో నాకు తెలియదు. దాన్ని వదిలేద్దాం.

వదలలేనిది ఇతరాల సంగతి. ఈ మెసేజ్‌లో మిగతా తప్పులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

రెండో వారంలో నాకు ఏం జరిగిందో చెబుతాను. ఒక కోర్సుకి దరఖాస్తు పెట్టుకున్నాను. సర్టిఫికెట్ స్కాన్ సరిగా లేదు, 72 గంటల్లో మళ్లీ అప్‌లోడ్ చేయండి అని వాళ్లు మెయిల్ పంపారు. నేను దాన్ని ఐదో రోజున చూశాను. అది కూడా వేరే మెయిల్ కోసం వెతుకుతుంటే తగిలింది. ఇతరాల్లో రెండు డిస్కౌంట్ మెయిల్స్ మధ్య ఉంది. ఇతరాలకి నోటిఫికేషన్ రాదు కదా, ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఫోన్లు చేసి, బతిమాలి, సంజాయిషీ రాసి పంపితే చివరికి ఒప్పుకున్నారు. అందరికీ ఒప్పుకోరు.

అది అక్కడికి ఎందుకు వెళ్లిందో ఆ మెయిల్ తెరిచి చూస్తే అర్థమైంది. పైన పెద్ద లోగో. పంపిన అడ్రస్ ‘నో రిప్లై’. మధ్యలో నీలం రంగు బటన్. కింద చిన్న అక్షరాల్లో అన్‌సబ్‌స్క్రైబ్ లింక్. వేలమందికి ఒకేసారి పంపే సాఫ్ట్‌వేర్‌తో పంపారు. డిస్కౌంట్ మెయిల్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. యాప్‌కి తెలిసింది ఈ ఆనవాళ్లే: ఎవరు పంపారు, ఎలా పంపారు, ఏ మాటలున్నాయి, ఇలాంటివి ఇంతకుముందు మనం తెరిచామా లేదా. వాటిని బట్టి ఒక అంచనా వేస్తుంది. ఆ కోర్సు కోసం నేను ఏడాదిగా చదువుతున్నానని దానికి తెలియదు. పైగా ఆ అడ్రస్ నుంచి నాకు మెయిల్ రావడం అదే మొదటిసారి. మన జీవితంలో నిజంగా ముఖ్యమైన మెయిల్స్ చాలావరకు ఇలా కొత్త అడ్రస్ నుంచి మొదటిసారి వచ్చేవే. పాత అలవాట్లు చూసి అంచనా వేసేదానికి సరిగ్గా అక్కడే చూపు ఆనదు.

ఏ వడపోతకైనా రెండు రకాల తప్పులుంటాయి. చెత్తని లోపలికి రానివ్వడం ఒకటి, అవసరమైనదాన్ని బయటికి నెట్టడం ఇంకొకటి. జల్లెడ కన్నాలు చిన్నవి చేస్తే మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. నూటికి నూరు అనే మాట ఎవరు అన్నా అది తప్పే. చెత్త లోపలికి వస్తే ఒక్క సెకను చిరాకు. అవసరమైనది బయటికి పోతే? ఆ నష్టం మనకు కనిపించను కూడా కనిపించదు, ఎందుకంటే అక్కడ చూడొద్దని మెసేజ్ చెప్పింది!

ఇక ‘డిలీట్ చేసినా సర్వర్‌లో ఉంటుంది’ అన్న మాట. దీన్ని నమ్మిన నా స్నేహితుడు ఒకడు వరసగా ఆరు ఆదివారాలు అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాడు. తర్వాత పాత పాలసీ రశీదు కావలసి వచ్చి నా దగ్గరికి వచ్చాడు. “ఒరేయ్, యాప్‌లోంచే కదా తీశాను, అసలుది ఉంటుంది, కాస్త వెతికి పెట్టరా” అన్నాడు. నా కంప్యూటర్‌లో వాడి జీమెయిల్ తెరిచాం. కంపెనీ పేరు కొట్టాం, లేదు. రశీదు అని కొట్టాం, లేదు. ట్రాష్ తెరిస్తే గత నాలుగు వారాల్లో డిలీట్ చేసినవి ఉన్నాయి, వాటికి ముందువి ఏవీ లేవు. స్పెల్లింగ్ మార్చి మార్చి కొడుతూనే ఉన్నాడు. నేను ఆపమనలేకపోయాను.

జీమెయిల్‌లో ట్రాష్‌లో పడ్డ మెయిల్ 30 రోజులే ఉంటుంది, తర్వాత శాశ్వతంగా పోతుంది. స్పామ్ ఫోల్డర్‌కీ అదే గడువు. ఫోన్‌లో కనిపించేది వేరే కాపీ, సర్వర్‌లో ఉన్నది వేరే కాపీ అనే నమ్మకం బహుశా పాత పాప్ పద్ధతి రోజుల నాటిది. అప్పట్లో మెయిల్ కంప్యూటర్‌లోకి దిగేది, సర్వర్‌లో కూడా ఉంచమని సెట్టింగ్ పెట్టుకుంటే అక్కడిది అక్కడే ఉండేది. ఇప్పటి యాప్‌లు దాదాపు అన్నీ సర్వర్‌లో ఉన్నదాన్నే మనకు చూపిస్తాయి. ఇక్కడ తీస్తే అక్కడా పోతుంది. నమ్మకపోతే పరీక్షించి చూడండి. నేను ‘పరీక్ష’ అనే పేరుతో నాకు నేనే ఒక మెయిల్ పంపుకుని యాప్‌లో డిలీట్ చేశాను. పక్కనే తెరిచి ఉన్న లాప్‌టాప్‌లో నా కళ్ల ముందే అది ఇన్‌బాక్స్‌లోంచి మాయమై ట్రాష్‌లో తేలింది. ఈ మెసేజ్ రాసినవాళ్లకి ఆ రెండు నిమిషాల ఓపిక కూడా లేకపోయింది. వాళ్ల తొందరకి నా స్నేహితుడి రశీదులు పోయాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

తర్వాతది, ‘మీ మెయిల్స్ చదవదు’. చదవకుండా ఎలా విడదీస్తుంది? మనిషి కూర్చుని చదవడు అంటే సరే. ప్రోగ్రాం మాత్రం చదివి తీరాలి. యాప్‌ని అకౌంట్‌కి కలిపేటప్పుడు నాకు గూగుల్ చూపించిన పేజీలో, ఈ యాప్ మీ మెయిల్స్ అన్నిటినీ చదవడానికి, రాయడానికి, పంపడానికి, శాశ్వతంగా తొలగించడానికి అనుమతి కోరుతోంది అని స్పష్టంగా ఉంది. ఆ పేజీలో ‘అనుమతించు’ నొక్కి, మర్నాడే ‘చదవదు’ అని ఫార్వర్డ్ చేస్తున్నారు.

ఇది ఊహించుకున్న భయం కాదు. అన్‌రోల్ డాట్ మీ అనే ఉచిత సేవ ఒకటి ఉంది. అక్కర్లేని చందా మెయిల్స్‌ని ఏరిపెట్టి ఇన్‌బాక్స్ శుభ్రం చేస్తామని వచ్చింది. దాని మాతృసంస్థ జనం ఇన్‌బాక్స్‌లలోని కొనుగోలు రశీదుల సమాచారాన్ని, పేర్లు తీసేసి, మార్కెట్ పరిశోధన కోసం అమ్ముతోందని 2017లో బయటపడింది. వ్యక్తిగత మెయిల్స్ ముట్టుకోబోమని చెప్పి వినియోగదారులను తప్పుదోవ పట్టించిందంటూ అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అన్‌రోల్ డాట్ మీ మీద ఫిర్యాదు నమోదు చేసింది, 2019లో సెటిల్‌మెంట్ కుదిరింది. అన్ని యాప్‌లూ ఇలాగే చేస్తాయని నేను అనను. కానీ పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింక్ వచ్చేది ఈ ఇన్‌బాక్స్‌లోకే. ఇది ఒక్కటి ఇంకొకరి చేతికిస్తే మన మిగతా అకౌంట్ల తాళాలన్నీ ఇచ్చినట్టే. యాప్‌ని ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన ఆ అనుమతి పోదని కూడా చాలామందికి తెలియదు. గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, థర్డ్ పార్టీ, అంటే బయటి కంపెనీల యాప్‌ల జాబితాలో దాన్ని విడిగా తొలగించాలి. అప్పటికే వాళ్ల సర్వర్‌లోకి వెళ్లిన సమాచారాన్ని చెరిపేయమని వాళ్లనే అడగాలి.

‘ముఖ్యం’లో కనిపిస్తే నమ్మొచ్చు అన్నది కూడా ప్రమాదకరమైన మాటే. విడదీయడం వేరు, నిజమో అబద్ధమో తేల్చడం వేరు. మెయిల్ నిజంగా అది చెప్పుకునే డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు ఉన్నాయి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అంటారు. మోసగాడు అసలు పేరుకి దగ్గరగా ఉండే డొమైన్ తనే కొనుక్కుంటే ఆ మూడింటిలోనూ పాసవుతాడు. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద ఎమ్‌లాగే కనిపిస్తుంది. స్నేహితుడి అకౌంటే దొంగల చేతిలో పడితే? వాడితో మనం రోజూ మాట్లాడతాం కాబట్టి ఆ మెయిల్‌ని యాప్ గౌరవంగా ‘ముఖ్యం’లోనే పెడుతుంది. పేరు మీద నొక్కి పూర్తి అడ్రస్ చూడటం, లింక్ నొక్కకుండా మనమే ఆ సైట్‌కి విడిగా వెళ్లడం, ఈ రెండు అలవాట్లూ మానమని ఏ యాప్ వచ్చినా చెప్పకండి, దయచేసి.

అన్‌సబ్‌స్క్రైబ్ విషయంలో మాత్రం నేను దిగి రావాలి. అది నొక్కొద్దు, నొక్కితే మన అడ్రస్ పనిచేస్తోందని వాళ్లకి తెలిసిపోతుంది అని ఏళ్ల తరబడి అందరికీ చెప్పినవాణ్ణి నేనే. ఈ మూడు వారాల్లో యాప్ పైన చూపించిన బటన్‌తో 40కి పైగా కంపెనీల మెయిల్స్ మానిపించాను. రెండు తప్ప అన్నీ ఆగాయి. కారణం ఉంది. జీమెయిల్ అడ్రస్‌లకి రోజుకి 5,000కి మించి మెయిల్స్ పంపేవాళ్లు ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో మానుకునే వీలు ఇవ్వాలని, రెండు రోజుల్లో ఆ కోరిక తీర్చాలని 2024లో గూగుల్ నిబంధన పెట్టింది, యాహూ కూడా అలాంటిదే పెట్టింది. ఊరూ పేరూ లేని మోసం మెయిల్ లోపల ఉండే లింక్‌ని ఇప్పటికీ ముట్టుకోకూడదు, దాన్ని స్పామ్ అని గుర్తు పెట్టడమే మంచిది. కానీ మనకు తెలిసిన కంపెనీల విషయంలో మెసేజ్ చెప్పిందే కరెక్ట్, నేను ఇన్నాళ్లు చెప్పింది తప్పు. నా మాట విని చెత్త మెయిల్స్‌తో వేగిన స్నేహితులకి క్షమాపణ చెబుతున్నాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. విడదీయడం వల్ల మనసుకి హాయిగా ఉంది. ప్రమోషన్స్‌కి ఫోన్ మోగడం ఆగిన రోజు సాయంత్రం ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా అనిపించిందో! అందుకే విడదీయడం మానలేదు, ఆ యాప్‌ని మాత్రం తీసేసి జీమెయిల్ సొంత ట్యాబ్‌లకి వెళ్లాను. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి మిగతా ట్యాబ్‌లలో సబ్జెక్ట్ లైన్లు పైపైన చూస్తాను, మూడు నిమిషాలు పడుతుంది. తప్పు చోట పడ్డదాన్ని ప్రైమరీలోకి లాగితే, ఇకపై ఈ అడ్రస్ నుంచి వచ్చేవన్నీ ఇక్కడికే పంపమంటారా అని అడుగుతుంది, అవునంటాను. దరఖాస్తు పెట్టిన రోజే ఆ సంస్థ డొమైన్‌కి ఫిల్టర్ పెట్టి, స్పామ్‌కి ఎప్పుడూ పంపవద్దు అన్న గడిలో టిక్ పెడుతున్నాను.

జీవితాంతం ఉచితం అన్నదానికి ఒకటే జవాబు. మెయిల్‌బాక్స్ అనే యాప్ 2013లో వచ్చింది, దాని కోసం జనం వెయిటింగ్ లిస్టులో ఎదురుచూశారు, డ్రాప్‌బాక్స్ అనే కంపెనీ కొనేసింది, 2016లో మూసేశారు. గూగుల్ సొంతంగా తెచ్చిన ఇన్‌బాక్స్ అనే యాప్ 2014 నుంచి 2019 దాకా బతికింది. యాప్‌ల జీవితాంతం అంటే అంత.

సీనియర్‌గారికి రాత్రే జవాబు పంపాను. ‘సార్, విడదీయడం ఉంచుకోండి, డిలీట్ ఆపండి. ఆదివారం ఇప్పటికే కొట్టేసి ఉంటే ఈ రాత్రే కంప్యూటర్‌లో ట్రాష్ తెరవండి. 30 రోజులు దాటనివన్నీ ఇంకా అక్కడే ఉంటాయి, కావలసినవి ఏరి ఇన్‌బాక్స్‌లోకి లాగండి.’ పది నిమిషాల తర్వాత ఆయన దగ్గర్నుంచి వచ్చింది: ‘ట్రాష్‌లో 1,100 ఉన్నాయి. మొదలుపెట్టాను.’